రెండో పాదంలో ఒక చేప తక్కువ

బందరు,
12 జులై 2002.

చిరంజీవి అలేఖ్యకి అమ్మమ్మ దీవెనలు.

ఆదివారం ఫోన్లో నేను దగ్గానని అన్నావు. తప్పు. నేను గొంతు సవరించుకున్నాను. దగ్గడం అకర్మక క్రియ, దానంతట అదే వస్తుంది. సవరించుకోవడం సకర్మక క్రియ, దానికి గొంతు అనే కర్మ ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాని మనవరాలివి, ఈపాటి తేడా తెలియకపోతే నాకు తలవంపులు. ఇక మధ్యలో ఈల వినపడిందన్నావు. అది కుక్కరు. కందిపప్పు ఉడుకుతోంది.

ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. ఫోన్లో నీకు నా మాటలు తప్ప మిగతావన్నీ వినపడుతున్నాయి.

ఒక కబురు. వచ్చే నవంబరు పంతొమ్మిదికి దివిసీమ ఉప్పెనకి పాతికేళ్ళు నిండుతాయి. నాగాయలంక అవతల నేను పనిచేసిన హైస్కూలులో ఆ రోజు సభ పెడుతున్నారు. పోతురాజు వచ్చి చెప్పాడు. పోతురాజంటే నీకు గుర్తుండాలి, పదిహేను రోజులకోసారి బందరుకి చేపల లోడుతో వచ్చి, మన గుమ్మంలో నిలబడి ఒక పొట్లం ఇచ్చి పోయే మనిషి. వాడు నా దగ్గర చదవలేదు, వాళ్ళక్క చదివింది.

"టీచరుగారూ, మీరో పద్యం పాడాలండీ" అన్నాడు.

"ఏ పద్యం?"

"ఏదో పెద్దదే పాడండి. మైకు తెప్పిస్తున్నాం కదా."

మైకుకి సరిపడా పొడుగైనది సీసపద్యం ఒక్కటే కాబట్టి సీసం పాడతానన్నాను. ఈ మాట గుడివాడ సులోచన చెవిన పడింది. మా స్కూల్లో సంగీతం చెప్పేది, నాకు నలభై ఏళ్ళుగా స్నేహితురాలు, అంతే కాలంగా శత్రువు. "అరవై ఎనిమిదేళ్ళకి సీసమా రత్నం? పాదం మధ్యలో పడిపోతే ఎవరు లేవదీస్తారు?" అని కార్డు రాసింది. ఆ కార్డు దేవుడి పటం పక్కన పెట్టాను. రోజూ చూసుకుని సాధన చేస్తున్నాను.

నువ్వు ఆ హైదరాబాదు ప్రయోగశాలలో పొద్దస్తమానం చేసేదేమిటో నాకు అర్థమయ్యే తెలుగులో రాయి.

మీ అమ్మమ్మ,
రత్నకుమారి.

———

హైదరాబాదు,
21 జులై 2002.

అమ్మమ్మా, నమస్కారం.

కుక్కరు సంగతి నమ్మాను. కానీ అది నీ వాక్యం అయిపోయినప్పుడల్లా, సరిగ్గా నువ్వు ఊపిరి వదిలినప్పుడు మాత్రమే ఈల వేసింది. వ్యాకరణం తెలిసిన కుక్కరు.

నేను చేసే పని: ఎలుకలకి ఆస్తమా తెప్పించడం. కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రొటీను ఇచ్చి వాటికి ఎలర్జీ పుట్టిస్తాం. తర్వాత వాటి ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో చూస్తాం.

తెలుగులో చెప్పమన్నావు కదా. మన ఒంట్లో తెల్లకణాలు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకుంటాయి. ఆ ఉత్తరాలు ప్రొటీన్లు. సైటోకైన్లు అంటాం, వాటిలో కొన్నిటికి ఇంటర్‌ల్యూకిన్లని పేరు, అంటే తెల్లకణాల మధ్య తిరిగేవని. పేర్లు పెట్టలేక నంబర్లిచ్చారు. ఎలర్జీ అంటే ఏమిటంటే, ఏ హానీ చెయ్యని దుమ్మునో పుప్పొడినో చూసి శత్రువు వచ్చాడని కణాలు ఉత్తరాలు రాసేసుకోవడం. నాలుగో నంబరు ఉత్తరం అందగానే ఒక రకం కణాలు ఆ దుమ్ము మీదికే ప్రత్యేకంగా ఆయుధాలు తయారు చేస్తాయి. అయిదో నంబరు ఎముకల మూలుగకి వెళ్ళి ఇయోసినోఫిల్స్ అనే సైనికుల్ని పిలుస్తుంది. వాళ్ళు వచ్చి, కొట్టడానికి శత్రువు కనపడక, ఊపిరిగొట్టాల గోడల్నే కొడతారు. అన్నిట్లోకీ గడుసుది పదమూడో నంబరు. అది వస్తే కఫం ఊరుతుంది, గొట్టాలు చిన్న చిన్నవాటికే బిగుసుకుంటాయి, ఊపిరి వదులుతుంటే ఈల వస్తుంది.

కుక్కరులాగే.

మా ల్యాబులో అనుదీప్ అని ఉన్నాడు, తనకి దేన్ని చూసినా ఎలర్జీ. ఎలుకలకంటే ముందు తనే తుముతాడు. నిన్ను ఒకసారి డాక్టరుకి చూపించుకోమని అనుదీప్ కూడా అన్నాడు.

నీ
అలేఖ్య.

———

బందరు,
5 ఆగస్టు 2002.

అలేఖ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి విషయానికి, ఒకసారి అక్షరదోషాలకి. నీ తప్పు కాదులే. ఆలేఖ్య అంటే చిత్తరువు. మీ నాన్న రిజిస్టరులో దీర్ఘం మింగేసి అలేఖ్య అని రాయించాడు, అంటే రాయరానిది. 'తుమ్ముతాడు'లో ఒత్తు ఏమైంది?

విషయం మాత్రం బాగా అర్థమైంది. మీ కణాల సంగతి మా హెడ్మాస్టరు సీతారామయ్యగారి సంగతే. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఆయన ఒకసారి పుకారు విన్నారు. వెంటనే సర్క్యులర్లు మొదలు. మొదటి సర్క్యులరుకి గోడలకి సున్నం. రెండోదానికి పిల్లలందరూ ఎండలో బారులు. మూడోదానికి ఆ బారుల్లో తోపులాట, ఇద్దరికి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఇన్‌స్పెక్టరు రానేలేదు. అయినా ఏటా ఆ పుకారు పుడుతూనే ఉండేది, ఏటా సున్నం మీద సున్నం పడుతూనే ఉండేది. చివరికి గుమ్మాల దగ్గర గోడ లావెక్కి మా స్టాఫు రూము తలుపు సగానికి తెరుచుకుని ఆగిపోయేది. కాస్త ఒళ్ళున్న లెక్కల మేష్టారు పక్కకి తిరిగి దూరేవారు.

పద్యం సంగతి. సీసం వద్దనుకున్నాను. ఈ కాలం జనానికి అంత ఓపిక ఎక్కడిది? చంపకమాల పాడతాను. కుదురుగా ఉంటుంది. సులోచనకి చెప్పకు.

సాధన రోజూ సాగుతోంది. పొద్దున్నే అటక మీంచి దింపించిన నా పాత ట్రంకుపెట్టె ముందు వేసుకుని, అందులో పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదువుకుంటున్నాను. ఉప్పెన నీళ్ళు తాగిన పెట్టె అది, పాతికేళ్ళ తర్వాత తెరిచాను. ఈ ఉత్తరం రాస్తున్న కాగితం కూడా దాని అడుగున దొరికిందే. తెల్లకాగితం టీ రంగుకి తిరిగింది, నువ్వేమీ అనుకోకు.

రెండు పేజీల ఉత్తరంలో అనుదీప్ పేరు రెండుసార్లు వచ్చింది. అమ్మమ్మ ఒక్కసారే, అదీ నమస్కారం దగ్గర. ఊరికే గమనించాను.

అమ్మమ్మ.

———

హైదరాబాదు,
14 ఆగస్టు 2002.

అమ్మమ్మా,

నీ ఉత్తరం ల్యాబులో విప్పాను. పక్కన కూర్చున్న అనుదీప్ పద్నాలుగుసార్లు తుమ్మాడు (ఒత్తు పెట్టాను, చూసుకో). కాగితం మడిచి కవర్లో పెడితే ఆగాడు. మళ్ళీ విప్పితే మళ్ళీ మొదలు. ఇదేమిటో నాకు తేలాలి. ఆ కాగితాన్ని దాచాను.

మీ హెడ్మాస్టరుగారి సున్నం చదివి మా గైడుగారికి చెప్పాను. ఆవిడ నవ్వి, రేపటి క్లాసులో అదే చెబుతానన్నారు. ఎందుకంటే మేం చదివేది సరిగ్గా దాన్నే. ఉత్తరాలు ఏళ్ళ తరబడి ఆగకుండా వస్తుంటే ఊపిరిగొట్టాల గోడ లోపల మచ్చ కట్టినట్టు గట్టి పీచు పేరుకుంటుంది. చుట్టూ కండ లావెక్కుతుంది. లోపలి దారి సన్నమవుతుంది. దీన్ని రీమోడలింగ్ అంటాం. పదమూడో నంబరుకి ఇందులో పెద్ద చెయ్యి ఉంది. వాపు మందుతో తగ్గుతుంది అమ్మమ్మా, కానీ ఒకసారి పేరుకున్న సున్నం పూర్తిగా రాలదు. అందుకని మొదట్లోనే ఆపాలి.

సీసం ఎందుకు మానేశావు? జనానికి ఓపిక లేదని నువ్వు ఎప్పుడైనా దేన్నయినా మానేశావా?

అలేఖ్య.

———

గుడివాడ,
2 సెప్టెంబరు 2002.

అలేఖ్యకి,

వారం రోజులుగా సులోచన ఇంట్లో ఉన్నాను. ఇక్కడ గాలి బాగుంది. గొంతు సవరించుకోవలసిన అవసరమే రావడం లేదు. తన మిరియాల చారు మహిమ అని సులోచన ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటోంది. ఆ చారులో నీళ్ళు తప్ప మహిమ ఏమీ లేదు.

మీ రీమోడలింగ్ మాట నాకు కొత్త కాదు. చిలకలపూడిలో గిల్టు నగల కొట్ల మీద ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, 'ఇచ్చట పాత నగలు రీమోడలింగ్ చేయబడును' అని. నలిగిన గొలుసు ఇస్తే మెరిసే గొలుసు చేతికొస్తుంది. అలాంటిదే అయితే ఊపిరితిత్తులకి కూడా ఒకసారి చేయించుకుంటే తప్పేముందని అనుకున్నాను. నువ్వు చెప్పినదాన్నిబట్టి ఈ కంసాలి కళ్ళు మూసుకుని కొట్టేరకం అని అర్థమైంది. బాగానే రాశావు.

చంపకమాల కూడా మానేశాను. కందం చాలు. చిన్నది, చక్కనిది, వినేవాళ్ళకి గుర్తుంటుంది. అది కూడా ఎందుకు, నాలుగు మాటలు వచనంలో చెప్పి కూర్చుంటే మర్యాదగా ఉంటుందేమోనని కూడా ఆలోచిస్తున్నాను. నా ఆరోగ్యం దివ్యంగా ఉంది.

అమ్మమ్మ.

అమ్మాయీ, నేను సులోచనని. పోస్టు చెయ్యమని ఈ ఇన్లాండు నాకిచ్చింది, అంటించడం మర్చిపోయింది. బస్సు దిగిన రోజు మా మేడ మెట్లు ఎక్కుతూ మీ అమ్మమ్మ సగంలో కూర్చుండిపోయింది. నేను చూసేసరికి, కింద పాలవాడితో మాట్లాడటానికి ఆగానంది. పాలవాడు వెళ్ళిపోయి పావుగంటైంది. ఇక్కడికొచ్చిన మూడో రోజు నుంచి మాత్రం మెట్లు గబగబా ఎక్కుతోంది. అది నా చారే. నేను రాశానని చెప్పకు, ఇంకో నలభై ఏళ్ళు సాధిస్తుంది.

———

హైదరాబాదు,
11 సెప్టెంబరు 2002.

అమ్మమ్మా,

ఈ ఉత్తరంలో జోకులు లేవు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు బలవంతంగా ఛందస్సు నేర్పావు. ఇన్నాళ్ళకి పనికొచ్చింది. జులైలో సీసం పాడతానన్నావు, మీ పద్యాల్లోకెల్లా పొడుగు పాదం దానిదే. ఆగస్టులో చంపకమాలకి దిగావు, పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. సెప్టెంబరులో కందం, రెండు గుక్కల్లో అయిపోతుంది. ఇప్పుడు వచనం, అందులో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. మా ల్యాబులో ఎలుక ఊపిరి కొలవడానికి బల్లంత యంత్రం ఉంది. నీకు ఛందస్సు చాలు. ఈ నాలుగూ ఒక కాగితం మీద చుక్కలు పెట్టి కలిపాను. కింద గీత ఎలా దిగుతోందో చూసుకో.

రెండో సంగతి. నీ టీ రంగు కాగితం ముక్కని బూజు పెరిగే ప్లేటు మీద అద్ది ఉంచాను. నాలుగో రోజుకి పచ్చటిది ఒకటి, నల్లటిది ఒకటి, మఖమలులా మొలిచాయి. నువ్వు రోజూ పొద్దున్నే సాధన పేరుతో ముఖం పెట్టి పీలుస్తున్నది అదే, పాతికేళ్ళ తేమలో ఊరిన ఆ పెట్టె. ఎంత ఎక్కువ సాధన చేస్తే అంత ఎక్కువ ఉత్తరాలు నీ గొట్టాల్లో తిరుగుతున్నాయి. ప్లేటు మీద మొలిచినంత మాత్రాన అది రుజువు కాదు. కానీ గుడివాడలో పెట్టె లేదు. అక్కడ మూడో రోజుకి నువ్వు మెట్లు ఎక్కావు.

ఎవరు చెప్పారని అడగకు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. పెట్టె బయట పారెయ్యి. ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరదోషాలుంటే దిద్దుకో.

అలేఖ్య.

———

బందరు,
22 సెప్టెంబరు 2002.

నా తల్లికి,

అక్షరదోషాలు లేవు. నువ్వు తప్పుల్లేకుండా రాయాలంటే ఏడిపించాలన్నమాట.

సరే, విను. నేను దగ్గుతున్నాను. అకర్మకం. ఏడాదిన్నర అయింది, పెట్టె దింపించాక ముదిరింది. పోపులపెట్టెలో ఆవాల గిన్నె తీసి, ఆ గుంటలో నీలం రంగు పీల్చే మందు దాచాను, మందులషాపు వాడినడిగి నేనే కొనుక్కున్నది. పీల్చగానే ఊపిరి ఆడేది, కాబట్టి జబ్బు లేనట్టేనని లెక్క. నువ్వు వచ్చినప్పుడు పోపు నేనే వేస్తానని పట్టుబట్టేది అందుకే, నీ వంట మీద అపనమ్మకంతో కాదు. అపనమ్మకం కూడా ఉందనుకో.

మొన్న ఈశ్వరప్రసాద్ దగ్గరికి వెళ్ళాను. ఎనిమిదో తరగతిలో 'ఊపిరితిత్తులు' అన్న మాటలో ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక నాలుగు చోట్ల పెట్టినవాడు. ఇప్పుడు బందరులో వాటికే డాక్టరు. ఒక గొట్టం చేతికిచ్చి, "గట్టిగా ఊదండి టీచరుగారూ" అన్నాడు. ఊదాను. ముల్లు కదిలింది.

"పదికి ఎన్నిరా?" అన్నాను.

"నాలుగండి."

"నీకు నేను వేసేవీ అవే."

"అందుకే గుర్తున్నాయండి" అన్నాడు. వెధవ, నవ్వను కూడా లేదు.

నీలం మందు బిగిసిన గొట్టాన్ని కాసేపు సడలిస్తుందట, అంతే. ఉత్తరాలు ఆగవు. గోధుమరంగుది ఇంకొకటి ఇచ్చాడు. పొద్దున రెండు పీల్పులు, సాయంత్రం రెండు, బాగున్నా బాగులేకపోయినా. పీల్చాక నోరు పుక్కిలించాలి. ఇది పోస్టాఫీసుకి తాళం వేసే మందు అని నా అంతట నేనే అన్నాను. "భలే చెప్పారండీ, ఇది ఎవరికైనా చెప్పొచ్చాండీ?" అన్నాడు. చెప్పుకోమన్నాను. మూడు వారాలు పడుతుందట పని తెలియడానికి. పేరుకున్న సున్నం కొంత మాత్రం అలాగే ఉండిపోతుందన్నాడు. మునుపటిలా సీసపాదం ఏకబిగిన రాకపోవచ్చన్నాడు. సీసం అంటే ఏమిటో తెలిసినట్టే అన్నాడు, ఆశ్చర్యం.

ఇక పెట్టె. పారెయ్యలేను. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

అందులో ఒక నోటుబుక్కు ఉంది. నాంచారిది, పోతురాజు అక్క. తొమ్మిదో తరగతి. చేపల గంప మోసే తల్లికి కూతురు, నోరు తెరిస్తే తిన్నగా ఛందస్సులో పడేది. సొంతంగా సీసపద్యం రాసుకురమ్మంటే క్లాసంతా దేవుళ్ళ మీద రాసింది. ఇది చేపల మీద రాసింది. సీసంలో చందువా, వంజరమూ, మాగా! నాకు నవ్వు ఆగలేదు. నవ్వు దాచుకోవడానికి, పెన్సిలుతో రాసినందుకు తిట్టాను. సిరాతో రాయాలి, బుద్ధి లేదా అన్నాను. రెండో పాదంలో ఆరు ఇంద్రగణాలుండాల్సిన చోట అయిదే ఉన్నాయి. "ఒక చేప తప్పించుకుంది చూసుకో" అన్నాను. "మీరే దిద్దండి టీచరుగారూ" అంది. సోమవారానికి దిద్ది, మార్కు వేసి ఇస్తానన్నాను. అది శుక్రవారం. శనివారం నేను సులోచన ఇంట్లో పెళ్ళికి గుడివాడ వెళ్ళాను. ఆ శనివారం ఉప్పెన.

పెట్టె నా గదిలోనే నీళ్ళలో దొరికింది. నేను చేత్తో రాసుకున్న పుస్తకాల్లో సిరా అంతా కరిగి నీలం మరకలైంది. నాంచారి పెన్సిలు అక్షరం ఒక్కటి కూడా చెరగలేదు.

ఆ రోజు పాడదామనుకున్న సీసం అది. నోటికి రాదనుకోకు, వచ్చు. రోజూ ఆ పేజీ చూస్తూ పాడటం అలవాటైంది, అంతే. ఇప్పుడు చెప్పు, పారెయ్యమంటావా?

అమ్మమ్మ.

———

హైదరాబాదు,
1 అక్టోబరు 2002.

అమ్మమ్మా,

పారెయ్యద్దు.

నువ్వు మాత్రం ముట్టుకోకు. పోతురాజుగారి చేత నోటుబుక్కుని పాలిథిన్ సంచిలో పెట్టించి, సీలు వేయించి, రిజిస్టరు పార్సిల్ చెయ్యి. ఇక్కడ గాలి వడగట్టే పెట్టెలో ఉంచుతాను, ఏ ఎలుకా ముట్టుకోదు. మిగతా పుస్తకాలు ఎండలో పెట్టించు, నువ్వు ఆ వీధిలో కూడా ఉండకు. ఆ పేజీని మాత్రం నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని నా చేత్తో నకలు రాసి పంపుతాను. కొత్త కాగితం మీద, పెన్సిలుతోనే.

ఒక్క ప్రశ్న. రెండో పాదంలో ఆ ఖాళీ దిద్దాలా, అలాగే రాయాలా?

గోధుమరంగుది మానకు. బాగుంది కదా అని అసలే మానకు. ఈసారి ఈశ్వరప్రసాద్‌గారు ఎన్ని మార్కులు వేస్తారో నాకు రాయి.

అలేఖ్య.

———

బందరు,
9 అక్టోబరు 2002.

అలేఖ్యకి,

పార్సిల్ ఇవాళ వెళ్ళింది. పోతురాజు దాన్ని రొయ్యలు ప్యాకింగు చేసినట్టు మూడు సంచుల్లో చుట్టాడు. పోస్టుమాస్టరు వాసన చూసి, చేపలు పంపకూడదన్నాడు. "చేపలే, కాని పద్యంలో ఉన్నాయి" అన్నాను. కాసేపు చూసి ముద్ర కొట్టాడు.

అలాగే రాయి. దిద్దకు. దిద్దడం నా పని, నేనే చెయ్యలేకపోయాను. పాతికేళ్ళుగా ఆ ఖాళీలో పెట్టని చేప లేదు. ఒకటి గణం కుదిరితే అర్థం కుదరదు, ఒకటి అర్థం కుదిరితే గణం కుదరదు. సోమవారానికి దిద్దుతానన్నదాన్ని.

ఈశ్వరప్రసాద్ ఆరు వేశాడు.

అమ్మమ్మ.

———

నాగాయలంక,
20 నవంబరు 2002.

అలేఖ్యకి,

సభ నిన్న అయింది. పోతురాజు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. గోధుమరంగుది పీల్చాను, పుక్కిలించాను, నువ్వడగకముందే చెబుతున్నాను.

బస్సులో సులోచన నా పక్కనే కూర్చుంది. మోపిదేవి దగ్గర బస్సు ఆగితే దిగి దణ్ణం పెట్టుకొచ్చింది. ఎందుకని అడిగితే, "నీ రెండో పాదానికి" అంది. నలభై ఏళ్ళలో నా కోసం అది చేసిన మొదటి మంచి పని. దానితో పాటు ఫ్లాస్కులో మిరియాల చారు కూడా తెచ్చింది, కాబట్టి లెక్క సరి.

మైకు కిర్రుమంది. మొదటి వరసలో పల్లెవాళ్ళు, తడి ఆరని లుంగీలతో సహా. నువ్వు పెన్సిలుతో రాసి పంపిన కాగితం చేతిలో పట్టుకున్నాను. నీ అక్షరాలు గుండ్రంగా రావడం మొదలుపెట్టాయి, సంతోషం. సీసం ఎత్తుకున్నాను.

మొదటి పాదం బాగానే వెళ్ళింది. చందువ పేరు రాగానే వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. వంజరానికి అందరూ నవ్వారు. పద్యానికి జనం అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు, వాళ్ళింటి మనుషుల్ని పేర్లు పెట్టి పిలిచినట్టు మురిసిపోయారు. రెండో పాదం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి ఛాతీలో తలుపు తెరుచుకోవడం ఆగిపోయింది, మా స్టాఫు రూము తలుపులాగే. సులోచన కుర్చీలోంచి సగం లేచింది. సరిగ్గా అక్కడే, నాంచారి ఒక గణం వదిలేసిన చోటు వచ్చింది. ఖాళీ. నేను ఆగి ఊపిరి తీసుకున్నాను.

యతి అంటే నీకు అక్షరాలు కలవడమని నేర్పాను. అసలు అర్థం అది కాదు. యతి అంటే ఆగే చోటు. ఊపిరి తీసుకునే చోటు.

ఆ నిశ్శబ్దంలో ముందు వరస నుంచి పోతురాజు, మైకు కూడా అక్కర్లేని గొంతుతో, "మెత్తళ్ళు!" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. నేను నవ్వుతూనే పాదం పూర్తి చేశాను, తక్కిన రెండూ కింది గీతపద్యమూ కూడా. దిగి వచ్చాక వాణ్ణి అడిగాను, మెత్తళ్ళే ఎందుకన్నావని.

"అక్క అయ్యొక్కటే రాయలేదు కదండీ. మా ఇంట్లో రోజూ ఎండు మెత్తళ్ళ కూరేనండి. పద్యంలో కూడా ఎందుకులే అని వదిలేసుంటదండి" అన్నాడు.

మెత్తళ్ళు, వేలెడంత చేపలు. గురువు, గురువు, లఘువు. తగణం. ఇంద్రగణమే. సరిగ్గా సరిపోయింది. పాతికేళ్ళు నేను పెద్ద పెద్ద చేపలకి వల వేస్తూ కూర్చున్నాను. అది తప్పు రాయలేదు అలేఖ్యా. ఇష్టం లేక తినకుండా పక్కకి నెట్టింది.

కాబట్టి ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి. నాకు ఊపిరికి కూడా పనికొస్తోంది.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసిన పని. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పెట్టెలోంచి నోటుబుక్కు తియ్యి. ఆ తుమ్ములబ్బాయిని గుమ్మం అవతల నిలబెట్టు, వచ్చే నెల బందరు వచ్చేటప్పుడు అతన్నీ వెంట తీసుకురా, నేను చూడాలి. సీసం ఉన్న పేజీ తెరువు. అడుగున కుడివైపు మూల, నేను మార్కు వేస్తానని వదిలిన చోటుంది. అక్కడ పదికి పది వెయ్యి. ఎర్రసిరా వద్దు, నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. పెన్సిలుతో వెయ్యి. పక్కన నా పొడి అక్షరాలు, ర. కు., పెట్టు. ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు చేరుతుంది. ఆలస్యం చెయ్యకు, సోమవారానికల్లా ఇస్తానన్నాను.

అమ్మమ్మ.